గోడ టైల్స్‌కు సిమెంటు మాలా, అడ్హెసివా?

ఇంటి పనులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా స్నానాల గది గోడలకు రెండు మీటర్ల ఎత్తు దాకా టైల్స్ వేయించదలచాము. టైల్స్ కొని తెచ్చేశాము. ఒక్కొక్కటి 600 మి.మీ. పొడవు, 300 మి.మీ. వెడల్పు. విట్రిఫైడ్ అని చెప్పి ఇచ్చారు. మేస్త్రీ గారు ముప్ఫయ్యేళ్లుగా సిమెంటు మాలుతోనే వేస్తున్నానని, ఇంతవరకు ఒక్కటీ ఊడలేదని అంటున్నారు. టైల్స్ అమ్మినవారేమో గమ్ము తప్ప ఇంకేదీ వాడవద్దని గట్టిగా చెప్పి పంపారు. గమ్ము సంచి ధర సిమెంటు సంచి ధర కంటే చాలా ఎక్కువగా ఉంది. అది నిజంగా అవసరమా, లేక అమ్ముకోవడానికి చెప్పే మాటా? ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ మేస్త్రీ గారు అబద్ధమాడటం లేదు, అమ్మినవారు మీకు ఊరికే గమ్ము అంటగట్టాలనీ చూడటం లేదు. ఇద్దరూ తమకు తెలిసిన టైలు గురించే మాట్లాడుతున్నారు. చిక్కల్లా ఇద్దరికీ తెలిసిన టైలు ఒకటి కాకపోవడమే. కాబట్టి ఎవరి మాట వినాలన్నది కాసేపు పక్కన పెట్టి, పెట్టెలోంచి ఒక టైలు తీసి, బోర్లించి, దాని వీపు మీద నాలుగు నీటి చుక్కలు వేయండి.

నిమిషం రెండు నిమిషాల్లో చుక్కలు ఇంకిపోయి ముదురు రంగు మచ్చలు మాత్రం మిగిలితే అది మామూలు సెరామిక్ టైలు. చుక్కలు తామరాకు మీది నీటిబొట్టులా నిలిచే ఉంటే అది విట్రిఫైడ్. ఎలాగూ చెప్పి ఇచ్చారు కదా, ఈ పరీక్ష ఎందుకని అనుకోవద్దు. 300×600 కొలతలో గోడల కోసం అమ్మేవాటిలో సెరామిక్ టైల్స్ చాలానే ఉంటాయి, విట్రిఫైడ్ అనే మాటను వాడుకలో అన్నింటికీ తగిలించేస్తుంటారు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ఐఎస్ఓ 13006 అనే అంతర్జాతీయ ప్రమాణం టైల్స్‌ను అవి తయారైన పద్ధతిని, పీల్చుకునే నీటిని బట్టి తరగతులుగా విడదీసింది. గోడలకు వాడే మామూలు సెరామిక్ టైలు తన బరువులో 10 శాతానికి మించి నీరు పీల్చుకుంటుంది. దాన్ని బకెట్ నీళ్లలో ముంచితే వీపు నుంచి, అంచుల నుంచి సన్నని బుడగలు బారులు కట్టి పైకి లేవడం కనిపిస్తుంది. లోపలి రంధ్రాల్లోని గాలి బయటికి పోయి ఆ చోటులో నీరు చేరుతోందన్నమాట. తడి సిమెంటు పాలను కూడా ఆ రంధ్రాలు అలాగే లోపలికి లాక్కుంటాయి. అక్కడే సిమెంటు స్ఫటికాలు పెరిగి, రావి మొక్క వేళ్లు గోడ సందుల్లోకి దిగినట్లు, టైలులోకి దిగి బిగుసుకుంటాయి. మీ మేస్త్రీ గారి ముప్ఫయ్యేళ్ల నమ్మకానికి ఆధారం ఇదే.

విట్రిఫైడ్ టైలు కథ వేరు. దాన్ని సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరిగి, గాజులా మారి, రంధ్రాలను పూడ్చేస్తుంది. ఇక అది పీల్చే నీరు 0.5 శాతానికి మించదు. దిగడానికి సందు లేనప్పుడు మాలు ఎంత గట్టిదైనా, మేస్త్రీ చేయి ఎంత తిరిగినదైనా పట్టు దొరకదు. ఒక ఇంట్లో స్నానాల గది గోడ నుంచి ఊడిపడిన విట్రిఫైడ్ టైలును నేను చేతిలోకి తీసుకుని చూశాను. దాని వీపు కడిగినంత శుభ్రంగా ఉంది. గోడ మీది మాలు ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు, రాయిలా గట్టిగా ఉంది. టైలు వీపు మీది గళ్లు, తయారీదారు అచ్చు వేసిన అక్షరాలు దాని మీద అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి చక్కగా దిగాయి. మాలులో లోపం లేదు, పనిలోనూ లోపం లేదు. అచ్చు దిగింది కానీ అతుకు పడలేదు.

కాబట్టి మీ టైలు వీపు మీద నీటిచుక్క నిలిస్తే అడ్హెసివ్, అంటే పనివాళ్లు గమ్ము అని పిలిచేదే, వాడండి. అందులో బేరం లేదు. చుక్క ఇంకిపోతే మాత్రం రెండు దారులూ తెరిచే ఉన్నాయి, అప్పుడు తీర్పు చెప్పవలసింది మీ గోడ.

గోడ సంగతికి వచ్చే ముందు అడ్హెసివ్ అంటే ఏమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే గమ్ము అన్న పేరు వినగానే అదేదో బంక అన్న అభిప్రాయం కలుగుతుంది. సంచిలో వచ్చే పొడిలో ఎక్కువ భాగం మామూలు సిమెంటు, జల్లెడ పట్టిన సన్నని ఇసుకే. దానికి కొద్ది పాళ్లలో కలిపే రెండు పదార్థాలలోనే కిటుకంతా ఉంది. ఒకటి సెల్యులోజ్ నుంచి తయారుచేసిన పొడి. ఇది నీటిని గోడ పీల్చేయకుండా పట్టి ఉంచుతుంది. రెండోది పాలిమర్ పొడి. ఇది తడిలో కలిసిపోయి, ఆరేటప్పుడు సన్నని పొరగా ఏర్పడి, గాజులాంటి వీపును సైతం అంటుకుంటుంది, కొద్దిగా సాగుతుంది కూడా.

మొదటి పదార్థం ఎందుకో అర్థమైతే చాలా తప్పులు వాటంతట అవే తప్పిపోతాయి. మాలు 12 నుంచి 20 మి.మీ. మందంలో ఉంటుంది కాబట్టి గోడ కొంత నీరు లాగేసినా సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీరు అందులో ఇంకా మిగులుతుంది. అడ్హెసివ్ పొర మందం 3 నుంచి 6 మి.మీ. మాత్రమే. అంత పలుచని పొరలో మామూలు సిమెంటు పెడితే, పొడి గోడ క్షణాల్లో నీరు లాగేసి దాన్ని బూడిద చేసి వదులుతుంది. ఖర్చు తగ్గుతుందని గమ్ములో సగానికి సగం సిమెంటు కలిపే పనివాళ్లు ఉన్నారు. ఆ కలపడంతో నీటిని పట్టి ఉంచే పదార్థమూ, పాలిమరూ సగమైపోతాయి, మీరు డబ్బు పెట్టి కొన్న గుణం సంచిలోంచి బయటికి రాకముందే పోతుంది.

ఇక బలం మాట. ఐఎస్ఓ 13007 ప్రమాణం ప్రకారం సిమెంటు ఆధారిత అడ్హెసివ్‌లలో సి1 తరగతిది చదరపు మిల్లీమీటరుకు కనీసం 0.5 న్యూటన్లు, సి2 తరగతిది కనీసం 1 న్యూటన్ లాగుడును తట్టుకోవాలి. ఒక న్యూటన్ అంటే సుమారు వంద గ్రాముల బరువు లాగే బలం, విన్నప్పుడు చిన్నదిగా తోస్తుంది. మీ టైలు వైశాల్యం 1800 చదరపు సెంటీమీటర్లు. సి2 తరగతి లెక్కన అంత మేరా అతికితే దాన్ని ఊడబెరకడానికి సుమారు 18 టన్నుల బరువు కావాలి. టైలు బరువేమో నాలుగు కిలోలు దాటదు. మరి ఇంత బలం ఉండగా టైల్స్ ఎందుకు ఊడుతున్నాయి? బరువు వల్ల కాదు, కదలిక వల్ల. కొత్త ప్లాస్టరింగ్ నెలల తరబడి కుంచించుకుపోతూ ఉంటుంది. వేడికి సిమెంటు గోడ ఒక మోతాదులో, టైలు అంతకంటే తక్కువ మోతాదులో సాగుతాయి. మూడు మీటర్ల గోడలో 30 డిగ్రీల తేడాకు ఈ రెంటి మధ్య వచ్చే ఎడం సుమారు మిల్లీమీటరులో మూడో వంతు. కంటికి ఆనని ఆ ఎడమే రోజూ అటూ ఇటూ లాగుతూ అతుకును అరగదీస్తుంది. రాయిలా బిగుసుకున్న సిమెంటు ఒంగదు, తెగుతుంది. పాలిమర్ ఉన్న పొర కొంత ఓర్చుకుంటుంది. ఎక్కువ ఓర్చుకునే రకాలకు సంచి మీద ఎస్1, ఎస్2 అన్న గుర్తులు ఉంటాయి. ఎండ నేరుగా తగిలే బయటి గోడలకు అవి కావాలి గానీ, మీ స్నానాల గదికి సి2 గుర్తుతో పాటు జారకుండా నిలిచే రకమని తెలిపే టి గుర్తు ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు గోడ. అడ్హెసివ్ చేయలేని పని ఒకటుంది, అమ్మేవాళ్లు దాన్ని చెప్పరు: అది వంకర గోడను సరిచేయదు. రెండు మీటర్ల బద్దను గోడకు ఆనించి చూస్తే సందు ఎక్కడా 3 మి.మీ. మించకూడదు. తూకం గుండు వేలాడదీసినప్పుడు పైనుంచి కిందికి 15 మి.మీ. వాలు కనిపించిందనుకోండి, ఆ పల్లాన్ని గమ్ముతో పూడ్చబోతే మందపు పొర ఆరుతూ కుంచించుకుపోయి టైలును లోపలికి లాగేస్తుంది. నిన్న సమంగా కూర్చున్న టైలు అంచులు ఇవాళ ఎగుడుదిగుడుగా తేలతాయి. మాలుకు ఈ ఇబ్బంది లేదు. ఒక మూల 10 మి.మీ., మరో మూల 20 మి.మీ. పెట్టి గోడ లోపాన్ని టైలు వెనకే దాచేయగలదు. ప్లాస్టరింగ్ లేని గరుకు ఇటుక గోడ, నీరు పీల్చే చిన్న సెరామిక్ టైలు, చేయి తిరిగిన మేస్త్రీ, ఈ మూడూ కుదిరిన చోట నేను మాలునే వేయమంటాను. అక్కడ ప్లాస్టరింగ్ చేయించి, ఆరబెట్టి, మళ్లీ గమ్ము పెట్టడం రెండు పనులకు కూలి ఇవ్వడమే. అయితే 15 మి.మీ. మందం మాలు ఒక్కటే చదరపు మీటరుకు దాదాపు 30 కిలోల బరువు వేస్తుంది. అదే చోట అడ్హెసివ్‌కైతే ఐదారు కిలోల పొడి చాలు. పలుచని అడ్డగోడలకు ఈ తేడా చిన్నది కాదు.

మీ గోడ వంకరగా ఉండి, టైలు కూడా విట్రిఫైడే అయితే, ముందు సిమెంటు ప్లాస్టరింగ్‌తో గోడను గుండుకు సరిచేయించి, కనీసం ఏడు రోజులు నీళ్లతో తడిపి, తర్వాత మూడు నాలుగు వారాలు ఆరనిచ్చి, అప్పుడు అడ్హెసివ్ వాడండి. తొందరపడి పచ్చి ప్లాస్టరింగ్ మీద వేస్తే దాని కుదింపు అంతా టైలు అతుకు మీదే పడుతుంది.

మాలుతో వేయిస్తే గమనించవలసినవి కొద్దే, మీ మేస్త్రీ గారికి అవి తెలిసే ఉంటాయి. సెరామిక్ టైలును బుడగలు ఆగేదాకా నానబెట్టి, పైతడి ఆరేదాకా నిలబెట్టి, గోడను ముందే తడిపి, ఒక పాలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్ల ఇసుకతో మాలు కలపాలి. సిమెంటు పెంచితే బలం పెరుగుతుందన్నది పొరపాటు, పెరిగేది కుదింపు. టైలు వెనక మాలు అంతటా నిండాలి.

అడ్హెసివ్ పని మాత్రం మేస్త్రీ గారి పాత అలవాట్లకు కొంత ఎదురు తిరుగుతుంది, కాబట్టి మీరే దగ్గరుండి చూడటం మంచిది. మొదటిది, టైలును నానబెట్టకూడదు. తడిగుడ్డతో వీపు తుడిస్తే చాలు, కానీ ఆ తుడవడం మానకూడదు. కొలిమిలో అంటుకోకుండా వీపుకు పూసిన తెల్లని పొడి చాలా టైల్స్ మీద మిగిలి ఉంటుంది. వేలితో రాస్తే సుద్దలా అంటుతుంది. దాని మీద గమ్ము పెడితే అతుకు టైలుకు కాదు, ఆ పొడికి పడుతుంది. రెండోది, బకెట్లో ముందు సంచి మీద చెప్పినంత నీరు పోసి, అందులో పొడి వేసి కలిపి, ఐదు నుంచి పది నిమిషాలు వదిలేసి, మరోసారి కలపాలి. గట్టిపడటం మొదలయ్యాక మళ్లీ నీళ్లు పోసి పలుచన చేయడం మాలుతో వచ్చిన అలవాటు. ఇక్కడ అది పనికిరాదు.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. మాలు పెట్టినట్లు టైలు నాలుగు మూలలా, నడుమ ఒకటి చొప్పున ఐదు ముద్దలు పెట్టి గోడకు అదిమేయడం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. పని త్వరగా సాగుతుంది, గోడ వంకర కూడా దాగుతుంది. కానీ ముద్దల మధ్య ఖాళీల్లో నీరు చేరుతుంది, ఆ ఖాళీ మీద మేకు దించితే టైలు పగులుతుంది, పైన చెప్పిన 18 టన్నుల లెక్క మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతుంది. పళ్లున్న తాపీతో గమ్మును గోడ మీద ఒకే దిశలో దువ్వాలి. గీతలు గుండ్రంగా తిప్పితే గాలి లోపలే చిక్కుకుంటుంది. సూటిగా ఉంటే టైలును ఆ గీతలకు అడ్డంగా కొద్దిగా జరిపి అదిమినప్పుడు గట్లు పడిపోయి, పల్లాలు నిండి, గాలి పక్కలకు పోతుంది. ఇంత పెద్ద టైలుకు వీపు మీద కూడా పలుచగా ఒక పూత గీయించండి. పొడి గదుల్లో టైలు వీపు కనీసం 80 శాతం, తడి గదుల్లో 95 శాతం నిండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. నిండిందో లేదో తెలుసుకోవడానికి పని మొదలైన పావుగంటలో ఒక టైలును, అది తడిగా ఉండగానే, ఊడదీసి తిప్పి చూడమనండి. మేస్త్రీ గారు కొంచెం చిరాకుపడవచ్చు, అడగడం మానకండి.

గోడ మీద పూసిన గమ్ముకు గడువు కూడా ఉంది. మామూలు రకానికి సుమారు 20 నిమిషాలు, సంచి మీద ఇ (E) గుర్తు ఉన్నదానికి 30 నిమిషాలు. గాలి, వేడి ఎక్కువైతే అంతకంటే తక్కువ. వేలితో తాకితే అంటాలి. అంటకుండా పైన పొర కట్టినట్లు ఉంటే గీకి పారేసి కొత్తది పూయాలి. ఒకేసారి గోడంతా పూసేసి తీరిగ్గా టైల్స్ పెట్టుకుంటూ పోవడం మీ ఇంట్లో జరగనివ్వకండి.

చివరగా ఒక మాట, మీరు అడగకపోయినా. మాలు గానీ, అడ్హెసివ్ గానీ, మధ్య గీతల్లో నింపే గ్రౌట్ గానీ నీటిని ఆపవు. స్నానాల గదిలో టైల్స్‌కు ముందే వాటర్‌ప్రూఫింగ్ పూత అవసరం, ఆ పూతకు పొసిగే అడ్హెసివ్ ఏదో దాని డబ్బా మీద చూసి ఎంచుకోవాలి. రెండు గోడలు కలిసే మూలల్లో గ్రౌట్ బదులు సిలికాన్ పెట్టించండి. కదలిక ఎక్కువగా తేలేది అక్కడే.

ప్రశ్న: మా గదుల గోడలకు జిప్సం ప్లాస్టర్ చేయించి, పుట్టీ పెట్టించాము. ఇప్పుడు ఒక గోడకు అలంకారంగా టైల్స్ వేయాలని ఉంది. నేరుగా గమ్ము పెట్టి అతికించవచ్చా?

జవాబు: నేరుగా వద్దు. పుట్టీ, రంగు ఉన్నంత మేర గీకించేయాలి, ఎందుకంటే టైలు గమ్మును పట్టుకుంటుంది, గమ్ము పుట్టీని పట్టుకుంటుంది, పుట్టీ మాత్రం గోడను అంత గట్టిగా పట్టుకోదు. గీకాక మిగిలే జిప్సంతో మరో చిక్కుంది. జిప్సంలోని సల్ఫేటు, సిమెంటులోని అల్యూమినేటు తడి తగిలితే కలిసి ఎట్రింజైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలుగా మారతాయి. ఇవి పెరిగేటప్పుడు చోటు కోసం తోస్తాయి. సరిగ్గా జిప్సం, గమ్ము కలిసే గీత దగ్గర అతుకు విడిపోయి, టైల్స్ పలకలుగా లేచి వస్తాయి. అందుకని జిప్సం పూర్తిగా ఆరాక, దుమ్ము దులిపి, తగిన ప్రైమర్ పూసి, అది ఆరిన తర్వాతే సిమెంటు అడ్హెసివ్ వాడాలి. టైలు, అడ్హెసివ్, గ్రౌట్ కలిసి చదరపు మీటరుకు 20 కిలోలు మించకుండా చూసుకోండి. మందమైన విట్రిఫైడ్ టైలు ఒక్కటే ఆ హద్దుకు దగ్గరగా వస్తుంది కాబట్టి పలుచనిది ఎంచుకోవలసి ఉంటుంది. సిమెంటు మాలు గురించి ఇక్కడ ఆలోచించనే వద్దు. తడి తగిలే గోడ అయితే జిప్సంనే తీసివేయించండి.

ప్రశ్న: కలిపే పని లేకుండా డబ్బాలో ముద్దగా దొరికే అడ్హెసివ్ వంటగది గోడకు పనికొస్తుందా?

జవాబు: చిన్న సెరామిక్ టైలుకు, పొడిగా ఉండే గోడకు పనికొస్తుంది. అది సిమెంటులా నీటితో కలిసి గట్టిపడేది కాదు, నీరు ఆవిరైతే ఆరేది. రెండు వైపులా నీరు పీల్చని వస్తువులుంటే ఆవిరి పోవడానికి దారి లేక నడిమి భాగం వారాల తరబడి మెత్తగానే ఉండిపోతుంది. అందువల్ల పెద్ద విట్రిఫైడ్ టైలుకు, పాత టైల్స్ మీద కొత్తవి వేయడానికి, స్నానాల గదికి అది వద్దు.

ప్రశ్న: రెండేళ్ల కిందట వేసిన గోడ టైల్స్‌లో కొన్ని తడితే డొల్ల శబ్దం వస్తోంది. ఒకటి ఊడి కింద పడింది. అన్నీ తీయించాలా?

జవాబు: తొందరపడకండి. నాణెంతో గోడంతా తట్టి, డొల్లగా మోగిన ప్రతి చోటా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తులు ఒకటీ అరా అక్కడక్కడా ఉండి, చుట్టూ గ్రౌట్ పగలకుండా ఉంటే, వెనక కొంత ఖాళీ ఉందని అర్థం. పొడి చోటైతే వదిలేయవచ్చు. గుర్తులు ఒకచోట గుంపుగా చేరినా, గ్రౌట్‌లో వెంట్రుకవాసి చీలికలు కనిపించినా, కుళాయి దగ్గర ఉన్నా ఆ మేరకు తీయించండి.

ఊడిన టైలును మాత్రం పారేయకండి, దాని వీపునూ గోడనూ పక్కపక్కన పెట్టి చూడండి. గోడ మీద గమ్ము గట్లు దువ్వినవి దువ్వినట్లే నిలబడి, టైలు వీపు శుభ్రంగా ఉంటే, గమ్ము పైపొర ఆరిపోయాక టైలు పెట్టారన్నమాట. అదే పూటలో, అదే చేత్తో వేసిన పక్క వరుసలను కూడా అనుమానించాలి. గట్లు బాగానే నలిగి చదునై ఉన్నా టైలు నున్నగా ఊడివస్తే, తెల్లపొడి తుడవలేదో, ఆ టైలుకు తగని రకం వాడారో అయి ఉంటుంది, అప్పుడు గోడంతటికీ అదే ప్రమాదం. గమ్మంతా టైలుతోనే వచ్చేసి గోడ బోసిగా కనిపిస్తే తప్పు గోడది: దుమ్ము, పుట్టీ, పాత రంగు వీటిలో ఏదో ఒకటి. గమ్ము రెండు వైపులా చీలి, వేలితో నలిపితే పొడిగా రాలితే, నీళ్లు ఎక్కువైనా అయి ఉండాలి, సిమెంటు కలిపి పొదుపు చేసినా అయి ఉండాలి. ఇక వీపు మీద ఐదు ముద్దలే కనిపిస్తే, మిగతా టైల్స్ వెనకా ఐదేసి ముద్దలే ఉంటాయి, వాటిలో తడి గోడ మీదివి ముందుగా తీయించండి.